కళ్లు లేని పురుగు

మా తమ్ముడు ఒక సినిమా కోసం ఆకాశం నుంచి దిగే ప్రాణిని తయారు చేశాడంటే ఇప్పటి పిల్లలు, కంప్యూటర్లోనా అని అడుగుతారు. కంప్యూటర్లో కాదు. వెదురుబద్దలు, వరిగడ్డి, పాత పంచెలు, చింతగింజల జిగురు. అది 1981. తమ్ముడు ఎనభై అంటాడు గానీ వాడికి సంవత్సరాలు నిలవవు. ఎనభైలో నేను చిత్తూరులో పని చేస్తున్నాను. తిరుపతి ఆడపిల్లల కాలేజీకి జువాలజీ చెప్పడానికి వచ్చింది ఆ మరుసటి జూన్‌లో. ఇంటినిండా బెంగుళూరా మామిడికాయలు పరిచి ఉన్నప్పుడు మొదలైన కథ ఇది, కనుక 81 తప్ప ఇంకోటి అయ్యే వీలు లేదు.

తమ్ముడు అప్పుడు తిరుపతిలో సినిమా హాళ్లకు బ్యానర్లు వేసేవాడు. బట్ట మీద సున్నం పూసి, గళ్లు గీసుకుని, అరచేతి ఫోటోను ఇరవై అడుగుల ముఖంగా పెంచడం వాడి పని. మంచి చేయి. కానీ వాడి మనసంతా మద్రాసులో ఉండేది. అక్కడ సినిమా కంపెనీల్లో సెట్లు వేసే కళా విభాగంలో చేరాలని వాడి ఆశ. ఇరవై ఎనిమిదేళ్లు వచ్చినా పెళ్లి మాట ఎత్తనిచ్చేవాడు కాదు. మద్రాసులో కుదురుకున్నాకే అనేవాడు. అమ్మ మద్రాసు పేరు వింటేనే కసురుకునేది.

ఆ వేసవిలో స్వామి దర్శనానికి వచ్చిన ఒక మద్రాసు డైరెక్టరు వాడు వేసిన బ్యానరు చూసి హాలువాళ్లను అడిగి పిలిపించుకున్నాడు. తెలుగులో ఒక కొత్తరకం సినిమా తీయబోతున్నాడట. ఆకాశం నుంచి రాలిన రాయిలో ఒక ప్రాణి వస్తుంది, మనిషి ఒంట్లోకి దూరుతుంది, లోపల పెరిగి బయటికి వస్తుంది. "ఆ ప్రాణిని నువ్వు చేసి చూపించు. నాకు నచ్చిందా, దాంతో పాటు నువ్వూ మద్రాసు వచ్చేయ్. కళా విభాగంలో నీకు చోటు" అన్నాడు. నమూనాకు ఒక బొమ్మ కూడా గీసి ఇచ్చాడు.

ఆ కాగితం పట్టుకుని తమ్ముడు వచ్చేసరికి అమ్మ, నేను కాయలు కోస్తున్నాం. చూశాను. రెండు కొమ్ములు, కోరలు, బయటికి వేలాడే నాలుక. పౌరాణికాల్లో చూసే రాక్షసుడే, పచ్చరంగు ఒక్కటే కొత్త.

"ఇది మనిషి కడుపులో ఉంటుందా?" అన్నాను.

"ఉంటాదంట."

"కడుపులో కొమ్ములెందుకురా? ఎవర్ని పొడవడానికి?"

"నన్ను కొట్టొద్దక్కా. ఆయన గీసినాడు, నేను తెచ్చినాను."

అమ్మ తొంగిచూసి, "మీ పెద్దమామ కడుపులో ఉండేది ఇదేనేమో" అంది. మా పెద్దమామ ఎంత తిన్నా సన్నగా ఉండే మనిషి. ఆయన కడుపులో ఏదో ఉందని అమ్మకు నలభై ఏళ్ల అనుమానం.

ఆ మాటే మాకు దారి చూపింది. మరునాడు తమ్ముణ్ణి కాలేజీ లేబరేటరీకి తీసుకుపోయి సీసాలు చూపించాను. బద్దెపురుగు ఉన్న సీసాను వాడు కిటికీ వెలుతురులోకి తెచ్చుకున్నాడు. దానికి నోరు లేదు, పేగు లేదు, కళ్లు లేవు. తల అనే చోట పట్టుకోవడానికి కొక్కేలు ఉంటాయి. ఇంకొకరు అరిగించి పెట్టిన తిండిలో మునిగి ఒళ్లంతా పీల్చుకుంటూ ఉంటుంది. చీకట్లో ఉండేదానికి చూపు దేనికి? అక్కర్లేనివన్నీ వదిలేసుకోవడమే పరాన్నజీవి చేసే పని అని చెప్పాను.

"అయితే దీన్ని చూస్తే ఎందుకు బయమేస్తాది? ఇది ఏమీ చెయ్యడం ల్యా కదా" అన్నాడు.

"నిన్ను చూడదు కాబట్టి" అన్నాను. ఏదో అనేశాను గానీ వాడు ఆ మాటను పట్టుకున్నాడు.

అప్పట్నుంచి ప్రతి సాయంత్రం మా ఇంట్లో ఆ ప్రాణి బతుకు తెలుసుకోవడమే పని. లోపలికి ఎలా వెళుతుంది అన్నది మొదటి చిక్కు. డైరెక్టరు కథలో అది మనిషి పొట్ట చీల్చుకుని దూరుతుంది. అలా దూరితే మనిషి అక్కడే చస్తాడు, ఇక పెరిగేదెక్కడ? ఆ చిక్కును విప్పింది అమ్మ చేతిలో ఉన్న కాయే. పైన సూదిమొన అంత బొక్క లేదు, నున్నగా ఉంది. కోస్తే టెంకలో నల్లటి పురుగు.

"ఇది యాడ్నించి వచ్చిందో సెప్పు సూస్తాం. అంతా సదివినావు గదా" అంది అమ్మ.

చెప్పాను. కాయ నిమ్మకాయంత ఉన్నప్పుడే తల్లిపురుగు తోలు మీద చిన్న గాటు పెట్టి గుడ్డు పెడుతుంది. జీడి కారి గాటు మూసుకుపోతుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్ల కండలోంచి తొలుచుకుంటూ టెంకలోకి పోతుంది. కాయ పెరిగేకొద్దీ ఆ దారి పూడిపోతుంది. మనం కోసేవరకు కాయకు ఏ జబ్బూ లేదు.

తమ్ముడు పెన్సిలు తీశాడు. సినిమాలో మనిషికి భుజం వెనక ముల్లు గుచ్చుకున్నట్టు చిన్న గాయం. రెండో రోజుకు మానిపోతుంది. అందరూ మరిచిపోతారు. చూసేవాళ్లకు ఒక్కరికే తెలుసు.

రెండో చిక్కు లెక్క. డైరెక్టరు కథలో ఆవగింజంత గుడ్డు తెల్లారేసరికి మనిషంత అవుతుంది. నేను ఒప్పుకోలేదు. ఏ ప్రాణీ గాలి తిని పెరగదు. పలమనేరు వైపు పట్టుపురుగులు పెంచే ఇళ్లలో చూశాను, పుట్టినప్పటి బరువుకు అది దాదాపు పదివేల రెట్లు అవుతుంది. అందుకోసం ఇంటిల్లిపాదీ మల్బరీ ఆకు వేస్తూనే ఉండాలి. ఆ నమలడం వాన పడుతున్నట్టు వినిపిస్తుంది. కనుక మన ప్రాణికి ఇరవై సేర్ల ఒళ్లు రావాలంటే అది ఆ మనిషి నోటిగుండానే రావాలి.

"అంటే వాడు ఊరికే తింటా ఉండాల" అన్నాడు తమ్ముడు.

"తింటూనే చిక్కిపోతూ ఉండాలి."

"పన్నెండు సంగటి ముద్దలు తిని ఇంకా ఉండాదా అని అడగాల. పెండ్లాం సంతోషంగా పెడతా ఉండాల, మొగుడికి ఆకలి పుట్టిందని."

"మా అన్నే!" అంది అమ్మ.

బయటికి రావడం మూడోది. గోడకు మట్టిగూడు కట్టే కందిరీగ మా వసారాలోనే ఉండేది. దాని గూడు ఒకటి పగలగొట్టి చూపించాను. లోపల పచ్చపురుగులు వరుసగా కుక్కి ఉన్నాయి, చావలేదు, కదలలేవు. వాటిమీద కందిరీగ పిల్ల పాకుతూ తింటోంది. తిండి అయిపోయాక అది గూడు తొలుచుకుని బయటపడుతుంది, మన ప్రాణీ అలాగే మనిషి వీపు తొలుచుకుని రావాలి. అమ్మకు ఇది నచ్చలేదు. పురాణ కాలక్షేపంలో విన్నది వేరు. తుమ్మెద పురుగును తెచ్చి గూట్లో పెట్టి చుట్టూ ఝుమ్మంటూ తిరుగుతుంది, ఆ పురుగు భయంతో దాన్నే తలుచుకుని తలుచుకుని తానే తుమ్మెదగా మారిపోతుంది. మనమూ దేవుణ్ణి అలాగే తలచాలని చెబుతారు.

"మారలేదమ్మా. తినేసింది. చూడు."

అమ్మ వంగి బాగా చూసింది. "తినేటప్పుడు కూడా దాన్నే తలచుకుంటా ఉండాదేమో, నీకేం తెలుసు?" అని లేచి వెళ్లిపోయింది.

ఇలా కొమ్ములు, కోరలు ఒక్కొక్కటే రాలిపోయి చివరికి ఒక రూపం నిలిచింది. ఏడడుగుల పొడవు. తల బెంగుళూరా కాయలా సాగి కిందికి వంపు తిరిగి నున్నగా ఉంటుంది. కళ్లు లేవు, నోరు ఉండాల్సిన చోట కొక్కేల చుట్టు. మీసాల లాంటి పొడుగాటి వెంట్రుకలు రెండు, తడుముకోవడానికి. కుబుసం విడిచిన బొద్దింక తెల్లగా ఉండి కాసేపటికి ముదురుతుంది చూడండి, ఇదీ వీపులోంచి బయటపడ్డప్పుడు పాలతెలుపు. కాగితం మీద చూసినా నాకు ఒళ్లు జలదరించింది. తమ్ముడికి అంతకన్నా మెప్పు అక్కర్లేకపోయింది.

బొమ్మ చేసే పని పూతలపట్టులో ఒక పెద్దాయనకు ఇచ్చాడు. తిరుపతి, చిత్తూరు దారులు కలిసేచోట రోడ్డుపక్కనే ఆయన కొట్టం. చుట్టుపక్కల పల్లెల గంగజాతరలకు గడ్డిబొమ్మలు, మట్టిబొమ్మలు, గుళ్లకు చెక్కవాహనాలు చేసే మనిషి. వెదురుబద్దను ఆయన వంచితే వంగినట్టు తెలిసేది కాదు. ఆదివారాలు బస్సులో పోయి చూసివచ్చేవాళ్లం. ఒళ్లు చాలా బాగా కుదురుతోంది. తల దగ్గర మాత్రం ఆయన కాగితాన్ని తిప్పి తిప్పి చూశాడు.

"కండ్లు గీసేది మరిసిపోయినావే అబ్బోడా."

"కండ్లు లేవు తాతా. దానికి ఉండవు."

"గుడ్డిదా?"

"గుడ్డిది కాదు. కండ్లే ల్యా."

"అదెట్ల? కండ్లు లేకపోతే బొమ్మ కాదు నాయనా, పీనుగ. కండ్లు లేకుండా నా కొట్టం వాకిలి దాటిన బొమ్మ ఇంతవరకు ఒక్కటీ ల్యా."

నేను కల్పించుకుని బద్దెపురుగు సంగతి చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, "అది లోపలుండే పురుగు గదమ్మా. ఇది బయటికి వచ్చి జనంలో తిరిగేది" అన్నాడు. తమ్ముడు బతిమాలాడు. ఈ బొమ్మ మీదే తన బతుకు ఉందని, డైరెక్టరు ఒప్పుకుంటే మద్రాసు పోతానని అంతా చెప్పాడు. పెద్దాయన తల ఊపి, "సరే, ముందు ఒళ్లు కానీ" అన్నాడు.

ఆ మాటను మేము ఒప్పుకోలు అనుకున్నాం. మా పక్క ముఖం మీద లేదని ఎవరూ చెప్పరు. ముందు ఇది కానీ అంటే, అది నేను చెయ్యను అని. పుట్టి పెరిగిన ఇద్దరికీ ఆ సంగతి తెలియాలి. తెలియలేదు, ఎందుకంటే మాకు కావలసింది వేరే మాట.

డైరెక్టరు తన సినిమా కథ కాగితాలను కాణిపాకంలో వినాయకుడి ముందు పెట్టి పూజ చేయించుకుని, అట్నుంచి పూతలపట్టు వచ్చి బొమ్మ చూస్తానని కబురు పంపాడు. నచ్చితే అప్పుడే ఎక్కించుకుపోవడానికి వెనకే ఒక లారీ. ఆ రోజు తమ్ముడు ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. చిన్న పెట్టె కూడా సర్దుకున్నాడు. అమ్మ చూడనట్టు ఊరుకుంది.

పొద్దున తొమ్మిదికి బస్సు దిగితే కొట్టం ముందు ఆడవాళ్ల గుంపు. టెంకాయలు కొట్టిన వాసన. గుంపును తోసుకుని లోపలికి పోయాం.

అది మమ్మల్ని చూసింది. అంతకన్నా ఎలా చెప్పాలో తెలియదు. ఆ నున్నటి తల మీద చెవులు ఉండాల్సిన చోటిదాకా సాగిన రెండు పెద్ద కళ్లు, తెల్లటి గుడ్డు, నల్లటి పాప, అంచున ఎర్రజీర. నొసట పసుపు, కుంకుమ. మెడలో నిమ్మకాయల దండ. నేను కొలతలు వేసి ఇచ్చిన ఒళ్లు ఒళ్లంతా అలాగే ఉంది, దానిమీద గంగమ్మ కూర్చుని ఉంది.

"ఏం చేసినావు తాతా!" తమ్ముడు కేక పెట్టాడు.

"ఏం చేస్తిని? కోడలు నీళ్లోసుకోనుండాది నాయనా. గుడ్డి బొమ్మను ఇంట్లో నిలబెట్టుకోని ఆ పిల్లను దానిముందర ఎట్ల తిప్పేది? తెల్లారగట్ల తానం చేసి తెరిచినా."

"అది రాక్షసి కదా తాతా! తినేది కదా!"

"తినేదైతే మరీ కావాల కండ్లు. కండ్లు లేకపోతే ఎవురిని తినాల, ఎవురిని ఇడిసిపెట్టాల, దానికెట్ల తెలుస్తాది?"

మేము నెలంతా కష్టపడి తెచ్చిన భయం సరిగ్గా అదే. దాన్ని ఆయన మాకన్నా బాగా చూశాడు, చూశాడు కాబట్టే మూసేశాడు.

గుంపులోంచి ఒకామె, "పేరేమిమ్మా ఈ తల్లికి?" అని నన్ను అడిగింది. ఇంకొకామె, "మూతి అట్ల సాగిందేమి, అలిగిందా?" అంది.

అప్పుడే కారు వచ్చి ఆగింది. డైరెక్టరు నొసట కాణిపాకం కుంకుమతో, చేతిలో ప్రసాదం పొట్లంతో తల వంచుకుని కొట్టంలోకి వచ్చాడు. తల ఎత్తాడు. చెప్పులు విడిచాడు. రెండు చేతులూ జోడించాడు.

జోడించాక ఆయనకే తెలిసింది. చేతులు దించి నవ్వాడు. "ఇదేంటండీ బాబూ, భయపెట్టమంటే దండం పెట్టించారు? హాల్లో టెంకాయలు కొడతారు."

తమ్ముడు గబగబా కాగితాలు తీసి చూపించాడు. మామిడి టెంక, పట్టుపురుగు, సంగటి ముద్దలు, మానిపోయే గాయం, తెల్లటి ఒళ్లు, కళ్లు లేని తల. డైరెక్టరు మొదట నిలబడి విన్నాడు, తర్వాత వెదురుకట్ట మీద కూర్చుని విన్నాడు. ఆ తినే సీను దగ్గర ఆయన పెదవులు కదిలాయి. కాగితంలోని తలను, ఎదురుగా ఉన్న తలను మార్చి మార్చి చూశాడు.

"కళ్లు లేకుండా అదిరిపోతుందయ్యా" అన్నాడు. "ఇంకేం ఆలోచన? పైన ఒక పూత కొట్టేయ్. లారీ ఇక్కడే ఉంది. సాయంత్రానికి మద్రాసులో ఉంటావు."

పెద్దాయన అడ్డం రాలేదు. పక్కకు జరిగి, "తెరిచిన కండ్లు నా చేత్తో మూయను. నువ్వు పూస్తే పుయ్యి నాయనా, నీ బతుకు దానిమీద ఉండాది. నేనేమీ అనుకోను" అన్నాడు.

తెల్లరంగు డబ్బా అక్కడే ఉంది. తమ్ముడు కుంచె ముంచాడు. నిచ్చెన రెండు మెట్లు ఎక్కాడు. ముఖానికి ముఖం, జానెడు దూరం. కుంచె నుంచి రంగు వాడి ఇస్త్రీ చొక్కా మీద కారుతోంది. కింద నుంచి నేను, "ఒరే, గడ్డిరా అది, గడ్డి" అన్నాను. గట్టిగానే అన్నాను.

వాడు దిగివచ్చాడు. కుంచె నీళ్లలో పెట్టాడు.

"ఇంకో తల చేసిస్తాను సార్. మా ఇంట్లో, నా చేత్తోనే. ఒక వారం ఇయ్యండి."

"సోమవారం షూటింగు పెట్టుకున్నామయ్యా" అన్నాడు డైరెక్టరు. చెడ్డవాడు కాదు, వాడి భుజం తట్టి మరీ వెళ్లాడు. ఖాళీ లారీ ఆయన కారు వెనకే పోయింది.

తిరుగు బస్సులో నేను వాణ్ణి చాలా మాటలన్నాను. ఆ పెట్టె వాడి ఒళ్లో ఉంది. పాకాల దాటాక ఒక్కటే చెప్పాడు. "అది నన్ను చూస్తా ఉండాదక్కా. చూసేదాని కండ్లల్లో రంగెట్ల పోసేది?" నాకు ఆ జవాబు అప్పుడు మింగుడుపడలేదు. అమ్మ మాత్రం పెట్టె వెనక్కి రావడం చూసి ఏమీ అడగకుండా అన్నం వడ్డించింది.

కళ్లు తెరిచిన బొమ్మను పారేయకూడదట. పెద్దాయన దాన్ని కొట్టంలోనే ఉంచి, మరుసటి ఏడు జాతరలో గంగమ్మ వెంట పరివారంగా ఊరేగించాడు. మేమూ వెళ్లాం. ఏడడుగుల పరాన్నజీవి పలకడప్పుల మోతలో ఊగుతూ పోతుంటే చంటిపిల్లల్ని దాని ఒంటికి తాకించారు. పెద్దాయన కోడలు తన మగబిడ్డను కూడా.

సినిమా 1983లో వచ్చింది. తిరుపతిలో అది ఆడే హాలుకు బ్యానరు వేసే పని తమ్ముడికే పడింది. కంపెనీ పంపిన ఫోటోలు ఇంటికి తెచ్చి చూపించాడు. రెండు కొమ్ములు, కోరలు, నాలుక.

"మేకే" అంది అమ్మ.

వాడు ఆ ఫోటోలను కవర్లో పెట్టేసి వెళ్లిపోయాడు. విడుదల రోజు నేను కాలేజీ నుంచి వస్తుంటే హాలు ఎదుట బస్సులు నిదానించి పోతున్నాయి. ఇరవై అడుగుల ఎత్తున, నల్లటి ఆకాశం ముందు, పాలతెలుపు ఒళ్లు. వంపు తిరిగిన నున్నటి తల. ఆ తల మీద ఏమీ లేదు. కింద పెళ్లాం వడ్డిస్తుండగా, భుజం వెనక మానిన చిన్న మచ్చతో మొగుడు సంగటి తింటున్నాడు. సైకిలు దిగి చూస్తున్నవాళ్లు ఎందుకో తమ భుజాలు తడుముకుంటున్నారు. వారం తిరిగితే దాని మీద సున్నం కొట్టి ఇంకో సినిమా వేయాలి, అది వాడే వేస్తాడు. దీనికైతే వాడి చేయి ఆగదు.

ఎదురుగా టీ అంగడి బల్ల మీద తమ్ముడు కూర్చుని ఉన్నాడు. నేనూ పక్కన కూర్చున్నాను. మ్యాట్నీ వదిలారు. బయటికి వస్తున్నవాళ్లలో ఇద్దరు మా ముందే ఆగి తల ఎత్తి బ్యానరు చూశారు.

"ఇది యాడప్పా లోపల? రెండున్నర గంటలు కూసోనుంటిమి. కొమ్ముల మేక తప్ప ఏమీ రాలా."

"కట్ చేసినారేమోలే. రాత్రి ఆటకు వస్తాదేమో."

"వస్తే మళ్లీ టిక్కెట్టు కొంటా. ఇదేందిరా, దీన్ని సూస్తాంటే ఈపులో ఏందో అయితా ఉండాది."

తమ్ముడు టీ గ్లాసు పక్కన పెట్టాడు.

"రాదన్నా," అన్నాడు వాళ్లతో, "అది ఈడనే."